చెప్పడం కాదు.. వినిపించాలి!

'పాట ఫోన్‌లోనూ వినపడుతుంది కదా, స్పీకర్లకు అంత డబ్బెందుకు?' హైఫై ఆడియో మాటెత్తగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఇదే. దీనికి తడబడకుండా జవాబు చెప్పగలగడం ఓ ఉద్యోగ నైపుణ్యం.

గండిపేటనే తీసుకోండి. ఒకపక్క సీబీఐటీ, ఎంజీఐటీ లాంటి ఇంజినీరింగ్ కాలేజీలు. మరోపక్క కోకాపేట, నార్సింగిల్లో విల్లాలు, ఎత్తైన అపార్ట్‌మెంట్లు. ఇలాంటి ఇళ్లకు హోమ్ థియేటర్లు డిజైన్ చేసి, అమ్మి, బిగించే సంస్థలకు సాంకేతికత తెలిసినవాళ్లు కావాలి. దాన్ని మామూలు మాటల్లో చెప్పగలిగితే మీరు ఓ అడుగు ముందున్నట్టే. అందుకు ఏం చేయాలంటే..

అంకెలు తర్వాత: మనిషి చెవికి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినపడుతుంది. సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు ఉంటాయి. ఇవి మీకు తెలియాలి కానీ, సంభాషణ వీటితో మొదలుపెట్టొద్దు. 'మీకు బాగా ఇష్టమైన పాటేది?' అని అడగండి. అదే పాటను ముందు ఫోన్‌లో, తర్వాత మంచి స్పీకర్లలో వినిపించండి. 'ఈసారి డోలు దెబ్బ గమనించండి' అంటూ ఒక్క విషయమే చూపించండి. లోతైన శబ్దాలకు గాలిని ఎక్కువగా కదిలించాలి, ఫోన్‌లోని చిన్న స్పీకర్‌కు అది సాధ్యం కాదు. ఈ ఒక్క మాట చాలు, తేడా ఎక్కడుందో అర్థమైపోతుంది.

వాల్యూమ్ సమానంగా: రెండు సిస్టమ్‌లను పోల్చేటప్పుడు కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకే సౌండ్ మీటర్ యాప్‌తో రెండింటి స్థాయినీ సమం చేయండి. ఏది ఖరీదైనదో ముందే చెప్పొద్దు. ఆయనకు తేడా తెలియకపోతే తక్కువ ధరదే తీసుకోమనండి. అలా చెప్పినవారి దగ్గరికే కస్టమర్ మళ్లీ వస్తారు.

గదినీ చూడండి: మార్బుల్ నేల, అద్దాల గోడలు ఉన్న హాల్లో చప్పట్లు కొడితే శబ్దం మార్మోగుతుంది. అక్కడ ఎంత మంచి స్పీకర్ పెట్టినా మాటలు స్పష్టంగా ఉండవు. మందపాటి కర్టెన్లు, కార్పెట్ వేయమనండి. రెండు స్పీకర్లు, వినే మనిషి సమబాహు త్రిభుజంలా ఉండేలా చూడండి. యాంప్లిఫైయర్ 50 వాట్ల నుంచి 100 వాట్లకు పెంచినా పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. అందుకే ముందు గది, తర్వాత వాట్లు.

ఏం నేర్చుకోవాలి?

ఈసీఈ విద్యార్థులకు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ సబ్జెక్టు ఇక్కడ పనికొస్తుంది. గది శబ్దాన్ని కొలిచే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఇళ్లలో ఆడియో, వీడియో వ్యవస్థల ఏర్పాటుపై సీడియా అనే అంతర్జాతీయ సంఘం శిక్షణ, సర్టిఫికేషన్లు ఇస్తోంది. సినిమా సౌండ్ వైపు ఆసక్తి ఉంటే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లలో కోర్సులున్నాయి.

ఈ వారమే మొదలుపెట్టండి. ఆడియో మీద ఆసక్తి లేని ముగ్గురు ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ పది నిమిషాల డెమో ఇవ్వండి. ఒక్క టెక్నికల్ పదమూ వాడొద్దు. ఏ మాటకు వాళ్లు తలూపారో, ఎక్కడ ఫోన్ చూసుకున్నారో రాసుకోండి. ఇంటర్వ్యూలో 'మా ప్రొడక్ట్‌ను నాకు అమ్మి చూపించండి' అన్నప్పుడు అదే మీకు అక్కరకొస్తుంది.