యువొదియ, సుంటుకే – ఎవరు ముందు తగ్గాలి?



ఫిలిప్పీ సంఘములో యువొదియ, సుంటుకే అను ఇద్దరు స్త్రీలుండిరి. వారు పేరుకు మాత్రమే విశ్వాసులు కారు, సువార్త పనిలో పౌలుతో కలిసి ప్రయాసపడినవారు. అయినను వారి మధ్య మాట చెడినది. కారణమేమిటో పౌలు వ్రాయలేదు. గ్రీకు మూలములో 'బతిమాలుకొనుచున్నాను' అను మాట ఇద్దరికీ వేర్వేరుగా రెండు మార్లు ఉన్నది (4:2). ఆయన ఎవరి పక్షమూ వహించలేదు.

తగవు వెనుక దాగియున్నదేమిటో 2:3లో చూడగలము. అక్కడ 'వృథాతిశయము' అను మాటకు మూలభాషలో 'వట్టి ఘనత' అని అర్థము. నిండు కుండ తొణకదందురు గదా! లోపల వెలితి ఉన్నవానికే పైకి పేరు కావలెను.

ఫిలిప్పీ రోమీయుల ప్రవాసస్థానము. హోదా, పౌరసత్వము అక్కడివారికి గొప్ప అతిశయము. అట్టివారికి పౌలు దాసుని స్వరూపము ధరించిన క్రీస్తును చూపించెను. సిలువ దాసులకు వేయు శిక్ష. రోమా పౌరునికి సాధారణముగా వేయనిది. ప్రభువు అంత క్రిందికి దిగివచ్చెను.

ప్రియ చదువరీ, నా మాట కూడా చెప్పనివ్వండి. పరిచర్యకు వచ్చిన తొలి దినములలో మందిర శిలాఫలకముపై పేర్ల వరుస గూర్చి ఒక సంఘపెద్దతో వాదించితిని. సెమినరీలో నేర్చుకొన్నదంతా ఆ వాదనకే వాడితిని. వాదన గెలిచితిని. ఆయన మూడు నెలలు ప్రభువు బల్లకు రాలేదు. రొట్టె విరుచునప్పుడు ఆ ఖాళీ చోటు నన్ను గద్దించెను. ఒక శనివారము రాత్రి వారింటికి వెళ్లి, "నన్ను క్షమించండి" అన్నాను. ఆయన వెంటనే మెత్తబడలేదు. "కూర్చోండి అయ్యగారూ" అని మాత్రమే అన్నారు. చాలాసేపటికి ఇద్దరము కలిసి ప్రార్థించితిమి.

దీనత్వమనగా అన్యాయమును కప్పిపుచ్చుట కాదు. సత్యము చెప్పవలసినదే, అయితే గెలుపు కొరకు కాదు, సహోదరుని సంపాదించుకొనుట కొరకు చెప్పవలెను. మన బలముతో ఇది సాధ్యము కాదు. క్రీస్తునందు మనము ఇదివరకే అంగీకరింపబడితిమని నమ్మినవానికి ఇక పేరు కొరకు పోరాడ పనిలేదు.

మీరెవరితోనైనా మాటలు మానివేసితిరా? అర్పణ బలిపీఠమునొద్ద విడిచి, మొదట సమాధానపడుమని ప్రభువు చెప్పెను (మత్తయి 5:23, 24). లేక మీ యెదుట ఇద్దరు కలహించుచున్నారా? ఆ స్త్రీలకు సహాయము చేయుమని పౌలు మరియొకరిని కోరెను (4:3). చాడీలు మోయక, ఆ సహాయకుడు మీరే కండి.

వచ్చే ఆదివారము బల్ల యొద్దకు రాకముందే ఆ గుమ్మము తట్టండి. సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.