ఒంటరి ప్రాణి లేని బొమ్మలు

అమీర్‌పేట అంటే కోచింగ్ సెంటర్లు, పంజాగుట్ట అంటే ట్రాఫిక్. ఈ రెండు చోట్ల నుంచే బయల్దేరి తెలుగు నేలంతా చుట్టి వద్దాం. మన కళాకారులు ఏ ప్రాణినీ ఒంటరిగా వదల్లేదని తెలుస్తుంది.

వంతెన కింద తాబేళ్ళు: పంజాగుట్ట ఫ్లైఓవర్ స్తంభాల మొదట్లో పెద్ద తాబేళ్ళ శిల్పాలున్నాయి. వంతెనను అవే మోస్తున్నట్టు ఉంటాయి. మందర పర్వతాన్ని వీపున మోసిన కూర్మావతారానికి శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో గుడి ఉంది. ఆ ఆవరణలో నిజమైన నక్షత్ర తాబేళ్ళనే పెంచుతారు.

బావిలో అమ్మవారు: అమీర్‌పేట పక్కనే ఉన్న బల్కంపేటలో ఎల్లమ్మ మూలవిరాట్టు నేలమట్టానికి దిగువన, బావిలో కొలువై ఉంది. ఆషాఢంలో కల్యాణం. భక్తులెత్తే బోనంలో మట్టికుండ, పసుపు, వేపమండలు, అన్నం, పెరుగు, బెల్లం, పైన దీపం. నేల, చెట్టు, పంట, పాడి, నిప్పు అన్నీ ఒక్క తల మీదే!

గేదెపాలతో బొమ్మ: కలంకారీలో పేరున్న బొమ్మ జీవవృక్షం. ఒకే మానుకు రకరకాల పూలు పూస్తాయి, కొమ్మల మీద నెమళ్ళు వాలతాయి. 17, 18 శతాబ్దాల్లో కోరమాండల్ తీరం నుంచి ఇలాంటి బొమ్మలున్న దుప్పట్లు ఓడలెక్కి యూరప్ వెళ్ళాయి. శ్రీకాళహస్తి పనివాళ్ళు ముందు గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెడతారు. పాలలోని జిడ్డు రంగును పక్కకు పాకనివ్వదు. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరవేస్తారు. ఆ నీరు కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. కలమేమో వెదురుపుల్ల. దాని చివర చుట్టిన ఉన్ని రంగును పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కిన కొద్దీ కిందికి వదులుతుంది. చెట్టు బొమ్మ గీయాలన్నా చెట్టూ గేదే చెయ్యి వేయాల్సిందే.

నోట్లోంచి తామరతీగ: అమరావతి స్తూప శిల్పాల్లో తామరతీగ నేల నుంచి మొలవదు. పొట్టి గణాల నోట్లోంచి, మకరాల నోట్లోంచి సాగుతుంది. అక్కడి శిల్పాల్లోనే ఉన్న నిండు కుండ, అంటే పూర్ణఘటం, 2018లో ఆంధ్రప్రదేశ్ రాజముద్రకెక్కింది.

ఒక ఒళ్ళు, మూడు తలలు: లేపాక్షి ఆలయంలో ఒకే ఒంటికి మూడు తలలున్న ఆవు శిల్పం ఉంది. రెండు తలలను చేత్తో మూస్తే, మిగిలిన తల ఆ ఒంటికే పుట్టినట్టు కుదురుతుంది.

కలుపుమొక్కకు పూజ: బతుకమ్మలో నిండుగా కనిపించే గునుగు చేలల్లో మొలిచే కలుపు. తంగేడు బీడు భూముల్లో పెరిగే పొద. ఎవరూ నాటని పూలను వరసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపి, ఆడి, చివరికి చెరువులో కలుపుతారు. ఆ తంగేడే ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం.

జమ్మి, పాలపిట్ట: తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి, రాష్ట్ర పక్షి పాలపిట్ట. రెండూ దసరావే. జమ్మి ఆకును బంగారమని పంచుకుంటాం, పాలపిట్ట కనబడితే శుభమంటాం. ఆ నమ్మకాన్నే ఆసరా చేసుకుని కొందరు పిట్టను పట్టి, పంజరంలో పెట్టి, చూపించినందుకు డబ్బులడుగుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. వాళ్ళకు రూపాయి కూడా ఇవ్వకండి. ఎగిరే పాలపిట్టను చూస్తేనే శుభం!