కొలతకు అందని శ్రమ: ఫిల్మ్ నగర్ నేపథ్యంలో శ్రామిక గణాంకాలు, లింగ అసమానత

వ్యాససంగ్రహం:
జాతీయ శ్రామిక సర్వేలు స్త్రీల ఉపాధి పెరిగిందో తగ్గిందో చెబుతాయి. రోజువారీ వేతనంపై నడిచే చలనచిత్రరంగంలో ఆ కొలత ఎంతవరకు చెల్లుతుందన్నది వేరే ప్రశ్న. ఫిల్మ్ నగర్ కేంద్రంగా సాగే సినీశ్రమను ఉదాహరణగా తీసుకొని, గణాంకాల నిర్వచనాలు, వర్గీకరణలు, సగటులు లింగ అసమానతను ఎక్కడ చూపుతాయో, ఎక్కడ మరుగుపరుస్తాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శ్రామిక గణాంకాలు, లింగ అసమానత, తెలుగు సినిమా, ఫిల్మ్ నగర్, వేతన వ్యత్యాసం.

1. ఉపోద్ఘాతం

2018 ఏప్రిల్‌లో ఫిల్మ్ నగర్‌లోని ఫిలిం ఛాంబర్ ఎదుట ఒక నటి చేపట్టిన నిరసన, పరిశ్రమలో స్త్రీల స్థితిపై విస్తృత చర్చకు దారితీసింది. 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీని నియమించింది. ఉపసంఘం నివేదిక 2022లో ప్రభుత్వానికి అందింది. కేరళలో జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టు 19న వెలువడిన తరువాత, తెలంగాణ నివేదికనూ ప్రచురించాలని నటి సమంత బహిరంగంగా కోరారు.

ఈ చర్చలో వేధింపులు ప్రధానాంశమయ్యాయి. వాటికి ఆధారభూమి అయిన ఉపాధి అస్థిరత వెనుకబడింది. ఏ శాఖలో ఎంతమంది స్త్రీలు ఉన్నారు, ఏడాదికి ఎన్ని రోజులు పని దొరుకుతోంది, ఎంత చేతికందుతోంది అన్న లెక్క లేనప్పుడు, వ్యవస్థాగతమైన అసమానత కూడా వ్యక్తిగత ఫిర్యాదుగానే మిగులుతుంది.

2. ఎవరిని ఉపాధిలో ఉన్నట్లు లెక్కిస్తారు?

ఆవర్తక శ్రామికశక్తి సర్వే 2017లో మొదలైంది. దాని సాధారణ స్థితి లెక్క ప్రకారం 15 ఏళ్లు, అంతకు పైబడిన స్త్రీలలో శ్రామికశక్తి భాగస్వామ్యం 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. పురుషులలో అది 75.8 నుండి 78.8కి చేరింది. స్త్రీల పెరుగుదలలో స్వయం ఉపాధికీ, కుటుంబ వృత్తులలో వేతనం లేని సహాయక శ్రమకూ పెద్ద వాటా ఉంది. కనుక భాగస్వామ్యం పెరగడమంటే ఆదాయం పెరగడమని అర్థం కాదు.

సాధారణ స్థితి గడచిన 365 రోజులను చూస్తుంది. అధిక కాలం పనిలో లేకపోయినా, అనుబంధ స్థితిలో 30 రోజులు పనిచేసినవారు శ్రామికుల లెక్కలోకి వస్తారు. వారపు స్థితిలో, గడచిన ఏడు రోజులలో ఏదో ఒక రోజు ఒక గంట పనిచేసినా చాలు. కృష్ణానగర్‌లో ఉంటూ ఏడాదికి 40 రోజులు షూటింగ్‌కు వెళ్లే ఒక జూనియర్ ఆర్టిస్టును ఊహిస్తే, మొదటి లెక్కలో ఆమె ఉపాధి గల స్త్రీ. సర్వే జరిగిన వారంలో షూటింగ్ లేకుండా పని కోసం తిరిగి ఉంటే, రెండవ లెక్కలో నిరుద్యోగి. రెండూ నిర్వచనరీత్యా సరైనవే. పని లేని మిగిలిన రోజుల భారం మాత్రం మొదటి అంకెలో కనిపించదు.

3. ఏ వర్గంలో లెక్కిస్తారు?

2008 జాతీయ పారిశ్రామిక వర్గీకరణలో చలనచిత్ర నిర్మాణం 59వ డివిజన్. ఇది సమాచార, ప్రసార విభాగంలోనిది. సాఫ్ట్‌వేర్ రంగం (62వ డివిజన్) కూడా ఇదే విభాగంలో ఉంది. అందువల్ల విభాగస్థాయి పట్టికలలో సినీ శ్రామికురాలు, ఐటీ ఉద్యోగిని ఒకే గడిలో చేరిపోతారు. హైదరాబాద్ వంటి నగరంలో ఆ గడి సగటును నిర్ణయించేది సాఫ్ట్‌వేర్ జీతాలే. మరోవైపు, స్వతంత్రంగా పనిచేసే నటీనటులు, దర్శకులు, కళారంగానికి చెందిన 90వ డివిజన్‌లోకి వెళతారు. ఒకే సెట్లో పనిచేసేవారు ఇలా రెండు విభాగాలకు చెదిరిపోతారు.

సంఘాల సభ్యత్వ జాబితాలు ప్రత్యామ్నాయ ఆధారాలే గాని, వాటినీ విమర్శనాత్మకంగా చూడాలి. ముంబైలో ఒక సినీ సంఘం స్త్రీలను కేశాలంకరణకు పరిమితం చేసి, మేకప్ కళాకారిణులుగా సభ్యత్వం నిరాకరించింది. 2014 నవంబరు 10న చారు ఖురానా కేసులో సుప్రీంకోర్టు ఆ ఆంక్ష చెల్లదని తీర్పు చెప్పింది. అటువంటి జాబితాలో స్త్రీల సంఖ్య సున్నా అయితే అది అనాసక్తికి గుర్తు కాదు, ప్రవేశ నిషేధానికి గుర్తు.

4. సగటు, మినహాయింపు, వ్యత్యాసం

44 చిత్రాలకు దర్శకత్వం వహించిన విజయనిర్మల 2002లో గిన్నిస్ గుర్తింపు పొందారు. ఆ ఘనత ఒక వ్యక్తి సామర్థ్యాన్ని చెబుతుంది. దర్శకులలో స్త్రీల నిష్పత్తిని చెప్పదు. అలాగే అగ్రతారల పారితోషికాలు కలిసినప్పుడు సగటు పైకి లేస్తుంది. అందుకే ఆదాయాల వరుసలో నడుమ నిలిచే మధ్యగతాన్ని చూడడం మేలు.

వేతన వ్యత్యాసాన్ని మూడు మెట్లుగా విడదీయవచ్చు: ఒకే శాఖలో స్త్రీపురుషుల రోజువేతనాల తేడా, శాఖల మధ్య తేడా, పనిదినాల తేడా. ఊహామాత్రంగా, ఇద్దరికీ రోజుకు 1,200 రూపాయలే అనుకుందాం. నెలకు పురుషునికి 20 రోజులు, స్త్రీకి 8 రోజులు పని దొరికితే ఆదాయాలు 24,000, 9,600. రోజువేతనంలో సమానత్వం ఉంది, జీవనంలో లేదు.

2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం పెంపు కోరుతూ సమ్మె చేశారు. మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం వరకు పెంచేలా ఒప్పందం కుదిరింది. శాతంలో ఇచ్చే పెంపును కూడా పరిశీలించాలి. 1,000, 1,500 రూపాయల వేతనాలు రెండూ 20 శాతం పెరిగితే 1,200, 1,800 అవుతాయి. నిష్పత్తి మారదు, తేడా మాత్రం 500 నుండి 600కు పెరుగుతుంది. తక్కువ వేతన శాఖలలో స్త్రీలు ఎక్కువగా ఉంటే ఆ భారం వారిదే.

5. ముగింపు

జాతీయ సర్వే అబద్ధం చెప్పదు. అది అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. ఫిల్మ్ నగర్‌కు సంబంధించిన ప్రశ్నను వేరుగా అడగాలి. రాతపూర్వక ఒప్పందం లేకుండా సినీకార్మికులను నియమించరాదని 1981 నాటి సినీకార్మికుల చట్టమే నిర్దేశించింది. ఆ ఒప్పందాలతోపాటు కాల్‌షీట్లు, చెల్లింపు వోచర్లు, సంఘ సభ్యత్వ వివరాలు స్త్రీపురుషుల వారీగా, పనిదినాల వారీగా నమోదైతే, పేర్లు వెల్లడించకుండానే అసమానతను కొలవవచ్చు. పని పోతుందన్న భయంతో మాట్లాడలేని శ్రామికురాలి పక్షాన ఆ లెక్క సాక్ష్యంగా నిలబడుతుంది.