మిద్దెలో కమ్మికి తుప్పు పట్టకుండా



సామల్పట్టి, ఊత్తంగరై, కృష్ణగిరి పక్కల పెంకుటిళ్ళు పోయి మిద్దెలు వచ్చాయి. జీవితంలో ఒక్కసారి, అప్పో సప్పో చేసి కట్టుకునే ఇల్లు. పాతికేళ్ళు నిండకముందే పైకప్పు పెచ్చులు ఊడి, కమ్ములు బయటపడితే ఎలా? అసలు అట్లా ఎందుకవుతుందో చూద్దాం.

సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడేటప్పుడు సున్నం పుడుతుంది. ఆ క్షారగుణం వల్ల కమ్మి మీద కంటికి కనిపించని పలుచని పొర ఏర్పడుతుంది. అది ఉన్నన్నాళ్ళు తుప్పు రాదు. ఉప్పులోని క్లోరైడు చేరితే ఆ పొర తెగిపోతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి ఇంకినా అంతే. తుప్పు తానెక్కిన ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. అందుకే కాంక్రీటు లోపలినుంచి చీలుతుంది.

మనకు సముద్రం లేదు, ఉప్పెక్కడిది అంటారేమో. మనది రాతినేల. లోతు బోర్లలో కొన్నిచోట్ల ఉప్పునీళ్ళు పడతాయి. వాటితోనే కాంక్రీటు కలిపితే శత్రువును మనమే ఇంట్లో పెట్టుకున్నట్టు. కమ్మి ఉన్న కాంక్రీటుకు వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని 2000 నాటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది.

దీనికి మందుగా తుప్పు నిరోధక రసాయనాలున్నాయి. ఎక్కువగా వాడేది కాల్షియం నైట్రైటు. అది తెగిన పొరను మళ్ళీ కడుతుంది. దానివల్ల బలం తగ్గదు; కాంక్రీటు తొందరగా గట్టిపడి, మొదటి రోజుల్లో బలం కొంత పెరుగుతుంది కూడా. సోడియం నైట్రైటు కూడా తుప్పును ఆపుతుంది గాని, మోతాదు పెరిగితే కాంక్రీటు బలం తగ్గుతుంది. ఉప్పు ఎక్కువై మందు తక్కువైతే ఇంకో చిక్కు. తుప్పు ఒకేచోట చేరి కమ్మిని గుంటలుగా తింటుంది. కాబట్టి కొలత లేకుండా చేతికి వచ్చినంత పోయవద్దు, ఇంజనీరును అడగండి. నిరోధకం కలిపిన సిమెంటు పాలను కమ్మికే పూసే పద్ధతిని మన రాష్ట్రంలోని కారైకుడి విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ రూపొందించింది.

అయితే ఒక మాట. పథ్యం లేని మందు పనిచేయదు. మేస్త్రి పని సులువవుతుందని నీళ్ళు ఎక్కువ పోయనివ్వకండి. 50 కిలోల మూటకు 25 నుంచి 27 లీటర్లు, ఇసుకలో తడిని కూడా లెక్కగట్టి, చాలు. నీళ్ళు ఎక్కువైతే సన్నని రంధ్రాలు మిగులుతాయి, ఉప్పూ గాలీ వాటిగుండానే దిగుతాయి. స్లాబులో కమ్మి కింద కనీసం 20 మిల్లీమీటర్లు, స్తంభాల్లో 40 మిల్లీమీటర్లు కాంక్రీటు కప్పి ఉండాలి. అందుకు జల్లిరాళ్ళు కాక సిమెంటు బిళ్ళలే పెట్టించండి. మామూలు సిమెంటుకు 7 రోజులు, బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటుకు 10 రోజులు తడి ఆరనివ్వకండి.

పునాది తీయకముందే ఒక సీసాడు బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. దానికయ్యే ఖర్చు కొంచెమే. చీలిన స్లాబును మళ్ళీ నిలబెట్టే ఖర్చు మాత్రం మీ పిల్లలమీద పడుతుంది.