చేతికి బదులు గాజు గరాటు

1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను దోమలతో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. మూడేళ్ల తర్వాత క్యూబాలో ఎల్లో ఫీవర్ గుట్టు విప్పడానికి ఒక వైద్య బృందం పట్టిందీ అదే దారి. పరీక్షనాళికలో దోమను ఉంచి, నాళిక మూతిని రోగి ఒంటికి ఆనించేవారు. ఆ బృందంలోని జెస్సీ లాజియర్ 1900 సెప్టెంబరులో ఆ జ్వరంతోనే చనిపోయాడు. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు.

మనిషి ప్రమేయం లేకుండా దోమకు రక్తం తాగించే ప్రయత్నాలు చాలా జరిగాయి. వాటిలో నిలిచింది 1964లో రట్లెడ్జ్, వార్డ్, గౌల్డ్ వివరించిన గాజు పరికరం. చూడటానికి చిన్న గరాటు. దానికి రెండు గోడలు, వాటి మధ్య గోరువెచ్చని నీళ్లు తిరుగుతుంటాయి. లోపల వైరస్ కలిపిన రక్తం, అడుగున బిగించిన పల్చని పొర. ఆ పొర జంతువు పేగుదైనా కావచ్చు, సాగదీసిన పారాఫిల్మ్ అనే మైనపు పొరైనా కావచ్చు. రక్తం మన ఒంటి వేడి కన్నా బాగా చల్లబడితే దోమలు అటు రావడం తగ్గుతుంది. గరాటును దోమల డబ్బా మీది వలకు ఆనిస్తే, ఆకలిగా ఉన్న ఆడదోమలు కింది నుంచి వచ్చి తలకిందులుగా వేలాడుతూ తొండం గుచ్చుతాయి. రక్తకణాల్లోని ఏటీపీ అనే రసాయనం రుచి తగిలాక, డెంగీని మోసే ఏడిస్ దోమ ఇక ఆగదు. కాసేపట్లో దాని పొట్ట ఎర్రగా ఉబ్బిపోతుంది. అలా ఉబ్బినవాటినే ఏరి, విడిగా పెంచుతారు.

తాగినంత మాత్రాన దోమకు వైరస్ సోకినట్టు కాదు. వైరస్ దోమ పేగు గోడను దాటాలి, ఒళ్లంతా పాకి లాలాజల గ్రంథులకు చేరాలి. దీనికి వారం, పది రోజులు పడుతుంది. కొన్ని దోమల్లో పేగు దగ్గరే ఆగిపోతుంది. ఎంత వైరస్ తాగితే ఎన్ని దోమల లాలాజలంలో తేలిందో కొలవగలగడమే ఈ గరాటు చేసిన అసలు మేలు.

పేగును తప్పించే దారీ ఉంది. 1974లో లియాన్ రోజెన్, డువేన్ గబ్లర్ సన్నని గాజు సూదితో దోమ ఛాతీలోకే డెంగీ వైరస్ ఎక్కించి పెంచే పద్ధతిని వివరించారు. రోగి రక్తంలో వైరస్ ఉందో లేదో పట్టుకోవడానికి అది గొప్పగా పనికొచ్చింది. తర్వాత రోజెన్ ఈ పనికి టాక్సోరింకైటిస్ అనే పెద్ద దోమను వాడాడు. దాని ఆడది అసలు రక్తమే తాగదు, తేనెతో బతుకుతుంది. పొరపాటున తప్పించుకున్నా ఎవరికీ ప్రమాదం లేదు. లాజియర్ కథ తెలిసినవాళ్లకు ఆ ఎంపిక విలువ ఎక్కువగా అర్థమవుతుంది. అయితే పేగు ఎంత వైరస్‌ను ఆపుతుందన్న ప్రశ్నకు ఇంజక్షన్ జవాబివ్వలేదు. దానికి మళ్లీ రక్తం తాగించాల్సిందే.

వోల్బాకియా బ్యాక్టీరియా ఉన్న ఏడిస్ దోమలు డెంగీని ఆపుతాయా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, పరిశోధకులు వియత్నాం డెంగీ రోగుల రక్తాన్నే వాటికి తాగించి చూశారు. లాలాజలంలోకి వైరస్ చేరడం బాగా తగ్గింది. అలాంటి దోమలను వదిలిన ఇండోనేషియాలోని యోగ్యకర్త ప్రాంతాల్లో డెంగీ కేసులు 77 శాతం తగ్గినట్టు 2021లో వెల్లడైంది.