కంప్యూటరు మతిమరుపు: కారణము కనుగొను విధము

1981 మార్చిలో ఇంగ్లండునందు సింక్లెయిర్ సంస్థ 'జడ్ ఎక్స్ 81' అను గృహ కంప్యూటరును విడుదల చేసెను. సిద్ధముగా అమర్చిన యంత్రము వెల 69.95 పౌన్లు. సామాన్య కుటుంబములు కూడ దానిని కొనగలిగెను. కాని అందలి జ్ఞాపకశక్తి 1 కిలోబైటు, అనగా 1,024 బైట్లు మాత్రమే. ఈ కొరత తీర్చుటకు యంత్రము వెనుక తగిలించు 16 కిలోబైట్ల పెట్టెను వేరుగా అమ్మిరి.

ఈ పెట్టెతోనే చిక్కు వచ్చెను. గంటలకొలది శ్రమించి ప్రోగ్రామును టైపు చేయువాని వేలు మీటపై కొంచెము గట్టిగా పడినచో పెట్టె కదలును. వెంటనే తెరపై పిచ్చిగీతలు కనబడును, లేదా యంత్రము కదలక మెదలక నిలిచిపోవును. క్యాసెట్టు టేపుపై ముందుగా భద్రపరుపని పని యంతయు పోయినట్లే.

దీనికి కారణమేమి? యంత్రములోని సర్క్యూటు పలక అంచున లోహపు పట్టీలు వరుసగా నుండును. పెట్టెలోని స్ప్రింగు రేకులు వానిని ఒరసికొని పట్టుకొనును. పెట్టెను బిగించు మరలు లేవు. సమాచారము, విద్యుత్తు రెండును ఈ అతుకుగుండానే ప్రవహించును. ఇందలి జడ్ 80 ప్రాసెసరు సెకనుకు 32,50,000 స్పందనలతో నడచును. కావున సెకనులో వెయ్యవవంతు కాలము స్పర్శ తప్పినను 3,250 స్పందనలు గడచును. ఆ వ్యవధిలో ఒక్క ఆదేశమును తప్పుగా చదివినను యంత్రము దారి తప్పును.

రెండవ కారణము చిప్పులలో నుండవచ్చును. ఇట్టి పెట్టెలలో సాధారణముగా 4116 అను చిప్పులు ఎనిమిది కలవు. బైటులోని ఎనిమిది బిట్లలో ఒక్కొక్కటి ఒక్కొక్క చిప్పులో నిలువయుండును. అందలి విద్యుదావేశము చిల్లుకుండలోని నీటివలె కారిపోవుచుండును. కనుక 2 మిల్లీసెకండ్లలోపల మరల నింపుచుండవలెను. అదియుగాక ఈ చిప్పులకు 12, 5, రుణ 5 వోల్టులు మూడును కావలెను. వీనిలో ఏది లోపించినను జ్ఞాపకము నిలువదు.

ఈ రెండు లోపములను వేరుపరచుట ఎట్లు? మొదట విద్యుత్తును ఆపవలెను. విద్యుత్తు ఉండగా పెట్టెను తీయుటగాని తగిలించుటగాని ఎన్నడును కూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన మెత్తని గుడ్డతో పట్టీలను తుడిచి, అవి ఆరిన పిదప పెట్టెను సరిగా అమర్చి స్విచ్చి వేయవలెను. కొలది సెకండ్లలో తెరపై 'కె' గుర్తు రావలెను. అది రానిచో పెట్టెను తీసి మరల పరీక్షింపవలెను. అప్పుడు గుర్తు వచ్చినచో లోపము పెట్టెలోనో, అతుకులోనో కలదని తెలియును.

గుర్తు వచ్చిన పిమ్మట 'ప్రింట్ పీక్ 16388+256*పీక్ 16389' అని అడుగవలెను. జవాబు 32768 అయినచో యంత్రము 16 కిలోబైట్లను గుర్తించినది. 17408 అయినచో సొంత 1 కిలోబైటునే చూచుచున్నది, అతుకును అనుమానింపవలెను. నడుమనున్న వేరొక సంఖ్య ప్రతిమారును అదే వచ్చుచున్నచో ఆ చిరునామా యొద్ద చిప్పు చెడినదని ఊహింపవచ్చును.

అయితే 32768 వచ్చినంత మాత్రమున అంతయు క్షేమమని తలపరాదు. యంత్రము ప్రతి బైటులోను 2 వ్రాసి, రెండుమార్లు ఒకటి చొప్పున తగ్గించి, సున్న వచ్చెనా యని మాత్రమే చూచును. ఇందు క్రింది రెండు బిట్లు మాత్రమే 1ని ధరించును. తక్కిన ఆరు 1ని నిలుపగలవో లేవో ఈ పరీక్ష చెప్పదు. కావున ఖాళీగానున్న నడిమి చిరునామాలలో, ఉదాహరణకు 25000లో, 'పోక్' ఆదేశముతో 255ను, పిమ్మట 0ను వ్రాసి, 'పీక్'తో తిరిగి చదివి చూడవలెను.

ఈ వరుసను పాటింపక తొలుతనే చిప్పులను ఊడదీసినచో మంచి చిప్పులు పాడగును. పలకపైనున్న సన్నని రాగిదారులు లేచిపోవును. లోపము మాత్రము అతుకులోనే నిలిచియుండును. తలగడ మార్చినంతనే తలనొప్పి పోవునా?