చదివింపుల నిధి

పెళ్ళిలో చదివింపులకు పద్దు వుంటుంది గాని నిర్బంధం వుండదు. యునెస్కోవారి సాంస్కృతిక వైవిధ్య నిధి సరిగ్గా అలాంటిదే. 2005లో పారిస్‌లో కుదిరిన ఒడంబడికలోని 18వ అధికరణం దానికి పునాది. చేరిన దేశాలు మనసుంటే ఇస్తాయి, లేకుంటే లేదు. మన దేశం 2006లో చేరింది.

వర్ధమాన దేశాల నుంచి మొదటిసారి దరఖాస్తులు పిలిచింది 2010లో. ఒక్కో పథకానికి గరిష్ఠం లక్ష డాలర్లు. అప్పులు తీర్చుకోవడానికి ఇవ్వరు. కళ మీద నాలుగు కుటుంబాలు బతికే ఏర్పాటుకు, అంటే శిక్షణకో, అమ్మకపు దారులకో ఇస్తారు. ఇది నాకు నచ్చింది. అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలవారు అదే తోలుతో లాంప్ షేడ్లు చేసి బతుకుతున్నారు గదా!

చిక్కల్లా దరఖాస్తు దగ్గరే. విడి మనుషులకు ఇవ్వరు, సంస్థలే అడగాలి. అదీ ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో. తెల్లవార్లూ రామాయణం ఆడించగలవాడు 'ఆశించిన ఫలితాలు' అనే గడి ముందు ఏం చేస్తాడు?

ఒకసారి ఒక బొమ్మలాటగాడికి ఇలాంటి దరఖాస్తే, వేరే సంస్థవారిది, నేను నింపిపెట్టాను. మూడేళ్ళలో ఎంతమంది లాభం పొందుతారని అందులో ప్రశ్న. చదివి చెప్పాను.

"అయ్యవారూ, మూడేండ్లకు నా కొడుకు ఈ పని ఇడిసిపెట్టకుండా ఉంటే సాలని రాయండి" అన్నాడు.

గడిలో అంకెకే చోటుంది. 1 అని వేశాను.